సిరంజి మూత రంగు: టైప్ 1 మధుమేహం ఉన్న ఎనిమిదేళ్ళ పాప – ఒక కేస్ స్టడీ

విజయనగరంలో పిల్లల వైద్యుడిగా పనిచేస్తున్న నేను ఈ కేసును రాయడానికి కారణం జబ్బు అరుదైనదని కాదు. జబ్బు తెలిసినదే, మందు తెలిసినదే, మోతాదు కట్టే పద్ధతీ పుస్తకాల్లో ఉన్నదే. అయినా మూడు నెలలకు పైగా ఈ పాప చక్కెర ఎందుకు పెరుగుతోందో నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ తప్పు, ఒక మంగళవారం సాయంత్రం వేలమంది జనం మధ్య పాపకు ఫిట్స్ వచ్చేదాకా బయటపడలేదు. తల్లి ఒప్పుకున్న తరువాతే రాస్తున్నాను. పేర్లు రాయలేదు, గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

మొదటి రాక

గజపతినగరం వైపు ఒక ఊరి కుటుంబం. తండ్రి హైదరాబాదులో భవన నిర్మాణ పనుల్లో సెంట్రింగు పని చేస్తాడు, సంక్రాంతికీ ఏదైనా పెద్ద పండగకీ వస్తాడు. ఇంట్లో తల్లి, తండ్రి తరఫు మామ్మ, ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ తమ్ముడు ఉంటారు. తల్లి అర ఎకరం సొంత పొలం చూసుకుంటూ కూలికీ వెళుతుంది.

ఫిబ్రవరిలో పాపను తెచ్చేనాటికి జబ్బు లక్షణాలు మొదలై రెండు వారాలు దాటింది. మూడేళ్ళప్పుడే పక్క తడపడం మానేసిన పిల్ల మళ్ళీ రాత్రిళ్ళు తడుపుతోంది. బళ్ళో గంటకోసారి బయటికి వెళ్తానంటోందని టీచరమ్మ చెప్పి పంపింది. పెరట్లో పాప కూర్చున్న చోట చీమలు బారులు కట్టడం మామ్మ చూసింది కూడా. అయితే ఒంట్లో వేడి చేసిందనుకుని సబ్జా గింజల నీళ్ళలో పంచదార కలిపి తాగించింది. చిక్కిపోతోందని ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళితే ఆయన నీరసానికి గ్లూకోజు సెలైను ఎక్కించాడు. మర్నాటికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలయ్యాయి.

మా దగ్గరికి వచ్చినప్పుడు బరువు 19 కిలోలు. అంతకు ముందు బడి ఆరోగ్య కార్డులో 22 అని ఉంది. దగ్గు లేదు, జ్వరం లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, అయినా పాప గుండె లోతు నుంచి ఊపిరి తోడుకుంటోంది, నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తోంది. రక్తంలో చక్కెర 486, పీహెచ్ 7.14, మూత్రంలో కీటోన్లు నిండుగా ఉన్నాయి, గత మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 12.1. ఇది డయాబెటిక్ కీటో అసిడోసిస్, అంటే ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటే పుట్టే కీటోన్లతో రక్తం ఆమ్లంగా మారిపోవడం. ద్రవాలు నెమ్మదిగా, రెండు రోజుల మీద సర్ది ఇచ్చాం. ద్రవం మొదలుపెట్టిన గంట తరువాత ఇన్సులిన్ డ్రిప్ పెట్టాం. పొటాషియం కలిపాం. మెదడు వాపు రాకుండా గంటగంటకూ తెలివి ఎలా ఉందో చూసుకున్నాం. మూడో రోజు పాప పప్పన్నం అడిగి తింది. చికిత్సలో ఇంతకంటే చెప్పవలసినది లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి: దగ్గు లేకుండా ఆయాసపడే, దాహం తీరని పిల్ల ఎదురైతే సెలైను సీసా అందుకునే ముందు వేలి కొన మీద ఒక చుక్క చూడడానికి అర నిమిషం చాలు.

వార్డు నుంచి పంపేముందు మామ్మ అడిగింది: "ఏటి బాబూ, గుంట బతికున్నన్నాళ్ళూ ఈ సూదేనా? మాత్ర నేదా?" ఇన్సులిన్ మాంసకృత్తు కాబట్టి మింగితే తిండిలాగే అరిగిపోతుందనీ, అందుకే సూది తప్పదనీ చెప్పాను. పాప ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసిందనీ, తీపి తినడం వల్ల గానీ తల్లి పుట్టింటి వైపు నుంచి గానీ ఇది రాలేదనీ చెప్పాను. రెండో మాట కావాలనే గట్టిగా చెప్పాను, ఎందుకంటే అప్పటికే ఆ ఇంట్లో ఆ మాట నడిచింది. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటి ఇన్సులిన్ సూది వేసేదాకా ఇలాంటి పిల్లలు నెలల్లోనే పోయేవారని కూడా చెప్పాను. మామ్మ అంతా విని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి చిన్న గొంతుతో అంది: "ఆడగుంట. ఊళ్ళో ఎవరికీ సెప్పకండి బాబూ." సరేనన్నాను. వైద్యుడు రోగి సంగతి బయటపెట్టకూడదన్న నియమాన్ని పాటించాననుకున్నాను. ఆ దాపరికం పిల్లకు ఎంత ప్రమాదమో అప్పుడే కూర్చోబెట్టి చెప్పవలసింది, చెప్పలేదు.

రెండు సీసాలు, రెండు బలాలు

మోతాదు మామూలుగానే కట్టాను. రాత్రి పూట, రోజంతా నెమ్మదిగా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్ 6 యూనిట్లు పెన్నుతో, మూడు భోజనాలకూ అరగంట ముందు, ఆ పూట తిండికి సరిపోయే రెగ్యులర్ ఇన్సులిన్ 3 యూనిట్ల చొప్పున సిరంజితో ఇమ్మన్నాను. భోజనానికి ముందు వెంటనే వేసుకోగల త్వరిత ఇన్సులిన్ సౌకర్యంగా ఉంటుంది గానీ దాని ఖర్చు ఆ కుటుంబం నెలనెలా మోయలేదు.

ఇక్కడ ఒక సంగతి వివరించాలి, ఎందుకంటే ఈ కేసంతా దీని మీదే నడిచింది. మన దేశంలో సీసాల్లో దొరికే రెగ్యులర్ ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో ఉంటుంది. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జి ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఆ బలాలకు తగ్గట్టే సిరంజిలు కూడా రెండు రకాలు: 40 బలానికి ఎర్ర మూతది, 100 బలానికి నారింజ రంగు మూతది. సీసా ఒకటీ సిరంజి మరొకటీ అయితే గీత మీద కనిపించే అంకెకూ ఒంట్లోకి వెళ్ళే మందుకూ పొత్తు ఉండదు. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 3 గీతల దాకా లాగితే లోపలికి వెళ్ళేది 1.2 యూనిట్లే. 100 బలం మందును ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు వెళుతుంది, అది మరీ ప్రమాదం. ఇదంతా నాకు తెలుసు. తల్లికి మాత్రం "మూడో గీత దాకా లాగండి" అని నేర్పాను. ఆసుపత్రి నుంచి ఇచ్చిన సిరంజిలకు ఎర్ర మూతలే కాబట్టి రంగు సంగతి నా నోట రాలేదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో పాపకు ఇన్సులిన్ అవసరం బాగా తగ్గింది. జబ్బు బయటపడి చికిత్స మొదలైన కొత్తలో, మిగిలిన కొద్ది కణాలు కోలుకుని కొంతకాలం పనిచేయడం వల్ల చాలామంది పిల్లల్లో ఇలా జరుగుతుంది. రోజు మొత్తానికి 7 యూనిట్లు సరిపోయాయి. మే నెలలో హెచ్‌బీఏ1సీ 7.2. జబ్బు తగ్గిపోయిందని మామ్మ అమ్మవారికి మొక్కు చెల్లించింది. సూది మాత్రం ఒక్క పూటా మాన్పించవద్దని ముందే మూడుసార్లు చెప్పి ఉండడంతో ఆ గండం గడిచింది.

జూన్ ఆఖరు నుంచి చక్కెర పెరగడం మొదలైంది. ఆ మంచి కాలం ముగిసిందని అనుకున్నాను. కొంతవరకు నిజమే కూడా. గ్లార్జిన్‌ను మెల్లగా 7కు, భోజనం ముందు మోతాదును జూలైలో 3కు, ఆగస్టులో 4కు పెంచాను. సిద్ధంగా ఒక కారణం చేతిలో ఉంటే మరో కారణం వెతకాలని వైద్యుడికి తోచదు. నాకూ తోచలేదు.

పుస్తకంలో 120లు

తల్లి చదివింది తొమ్మిదో తరగతి దాకా. చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అట్ట వేసిన నోటుపుస్తకంలో రోజుకు మూడు అంకెలు రాసి తెచ్చేది. జూలై మొదటి వారంలో 260, 290 లాంటి అంకెలు కనిపించినప్పుడు నేను గొంతు పెంచి మాట్లాడిన మాట వాస్తవం. ఆ తరువాతి పేజీల్లో అంకెలు దారికి వచ్చాయి. ఆగస్టులో పరగడుపున కాస్త ఎక్కువ, మిగతా వేళల్లో 140, 150. సెప్టెంబరులో అయితే 120, 115, 125, 120. అన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగిశాయి, పదిహేను రోజుల అంకెలూ ఒకే సిరాతో, ఒకే ఒరవడిలో, ఒక్కసారే కూర్చుని రాసినట్టు ఉన్నాయి. అదే రోజు వచ్చిన హెచ్‌బీఏ1సీ 10.4. అంటే మూడు నెలల సగటు 250 చుట్టూ ఉందన్నమాట.

గ్లూకోమీటర్ అడిగి తీసుకుని అందులో దాచి ఉన్న పాత రీడింగులు వెనక్కి తిప్పాను. 289, 314, 276. మధ్యలో నాలుగేసి రోజులు ఖాళీ.

"అమ్మా, నేను రాయమన్నది లెక్కలు, కథలు కాదు" అన్నాను.

ఆమె ఏమీ మాట్లాడలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పాప తల్లి చీర పట్టుకుని నా బల్ల మీది స్టెతస్కోపు వైపు చూస్తోంది. సూదులు సరిగ్గా వేయడం లేదని నిర్ధారించుకుని, భోజనం ముందు మోతాదును 5కు పెంచి, వచ్చే నెల ఇలా ఉండకూడదని చెప్పి పంపాను. సూది వేసి చూపించమని అడగలేదు. అడిగి ఉంటే ఈ కేసు అక్కడే తేలిపోయేది.

సిరిమాను రోజు

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మానును ఊరేగించే జాతర. ఆ రోజు తల్లి పిల్లలిద్దరినీ తీసుకుని పట్నంలో ఉన్న ఆడపడుచు ఇంటికి వచ్చింది. ఇన్సులిన్ సీసాను తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో జాగ్రత్తగా పెట్టుకుంది గానీ సిరంజిల పొట్లం ఊళ్ళో మరిచిపోయింది. మధ్యాహ్నం మేనత్త కొడుకు వీధి చివరి మందుల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు సీసా చూపించమన్నాడు, చూసి, దానికి తగిన ఎర్ర మూత సిరంజిలే ఇచ్చాడు.

తల్లి ఎప్పటిలాగే అయిదో గీత దాకా లాగి వేసింది. పాప సంబరంలో పులిహోర సగం తిని లేచింది. తరువాత మూడు గంటల పాటు జనంలో నడక. నాలుగు గంటల వేళ, కోట వైపు సిరిమాను కదులుతుండగా, పాప కాళ్ళు లాగుతున్నాయంది. ఒళ్ళంతా చెమట. ఎండకి అనుకుని మేనత్త కొంగుతో తుడిచింది. కాసేపటికి పాప సంబంధం లేని మాటలు మాట్లాడి నవ్వింది, తరువాత ఒరిగిపోయింది, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు తమకు తెలిసిన సాయమే చేశారు. ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టారు, ఎవరో మొహాన నీళ్ళు కొట్టారు, ఒకరు నోట్లో సోడా పోయబోయారు. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదని ఫిబ్రవరిలో ఒకే ఒక్కసారి విన్న మాట ఆ తల్లికి గుర్తుంది. అడ్డం పడి సీసా నెట్టేసి పాపను పక్కకి తిప్పి పట్టుకుంది. మేనత్తకు పాపకు రోజూ సూది వేస్తారన్న సంగతి తెలుసు, చక్కెర పడిపోతుందన్న సంగతి తెలియదు. ఇంటి పరువు కోసం ఆమెకు సగమే చెప్పారు. ఆ సగంతోనే పిల్లకు అరగంట ముందు అందవలసిన రెండు చెంచాల గ్లూకోజు అందలేదు.

ఉత్సవానికి పెట్టిన అంబులెన్సులో చూస్తే చక్కెర 34. నరంలోకి 10 శాతం డెక్స్‌ట్రోజ్ 45 మిల్లీలీటర్లు ఇచ్చారు. పది నిమిషాల్లో కళ్ళు తెరిచిన పాప మొదట అడిగింది, తన రెండో చెప్పు ఏదని.

ఇంట్లో చూసినది

ఆ ఆదివారం నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. నా మోతాదు వల్లే ఇది జరిగిందా అన్న భయం ఒక కారణం. మరో కారణం, ఎనిమిది నెలలుగా ఈ పాప బతుకుతున్న వంటగదిని నేను ఒక్కసారైనా చూడలేదన్న సిగ్గు.

"నేనేమీ అనను. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి" అన్నాను. ఆమె చేతులు కడుక్కుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. నేను నేర్పినట్టే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, దాని మీద తడిగుడ్డ కప్పి సీసాను ఉంచుతోంది. ఇసుక రోజూ రెండుపూటలా తడుపుతోంది. సీసా మీద తెరిచిన తేదీ రాసి ఉంది, 28 రోజులు దాటలేదు. రబ్బరు బిరడా దూదితో తుడిచింది. గూట్లోంచి ఊరి దుకాణంలో కొన్న పాత పొట్లం తీసి ఒక సిరంజి విప్పింది. మూత నారింజ రంగు.

సిరంజి చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అర మిల్లీలీటరు సిరంజి, గీతకో యూనిట్, పక్కన సన్నని అక్షరాల్లో 100 అని ఉంది. సీసా మీద 40 అని ఉంది. జూన్‌లో ఆసుపత్రి సిరంజిలు అయిపోతే ఊళ్ళో ఇవే దొరికాయట. సూది సన్నంగా ఉండి నొప్పి తక్కువని పాప ఇష్టపడింది, మంచి రకమేమో అనుకుని తల్లి వాటినే కొంటూ వచ్చింది. అంటే నేను 3 రాసినప్పుడు వెళ్ళింది 1.2, 4 రాసినప్పుడు 1.6, 5 రాసినప్పుడు 2. ఉత్సవం రోజు సరైన సిరంజి చేతికి రావడంతో మొదటిసారి నిజంగా 5 యూనిట్లు వెళ్ళాయి. ఈ పాపకు ఒక్క యూనిట్ రక్తంలో చక్కెరను డెసిలీటరుకు సుమారు 100 మిల్లీగ్రాములు దించుతుంది.

గ్లార్జిన్ పెన్నుతో ఇవ్వడం వల్ల అది సరిగ్గానే అందింది. ఆ నెలల్లో మళ్ళీ కీటో అసిడోసిస్ రాకుండా కాపాడింది అదే.

"తప్పు నాదేనా బాబూ?" అని అడిగింది తల్లి. నాదేనన్నాను. గీతలు నేర్పి రంగు నేర్పకపోవడం నా తప్పు, చూడకుండా పెంచుకుంటూ పోవడం నా తప్పు.

పుస్తకం సంగతి అప్పుడు తనే ఎత్తింది. జూలైలో నేను కసిరినందుకు కొంత, మొగుడి ఫోనుకు కొంత ఆ అంకెలు రాసిందట. రోజూ రాత్రి ఎనిమిదింటికి హైదరాబాదు నుంచి ఫోను వస్తుంది. మొదటి మాట "ఎంత?" ఎక్కువ చెబితే రెండో మాట "ఏం పెట్టావ్?" నూటిరవై అని చెబితే మాట్లాడుకోవడానికి వేరే సంగతులు మిగులుతాయి. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కూడా పొదుపుగా వాడవలసి వచ్చేది. ఎక్కువ వస్తుందని తెలిసిన రోజున డబ్బు పోసి తిట్లు కొనుక్కోవడం ఎందుకని చూడడమే మానేసింది. గ్లూకోమీటర్‌లోని ఖాళీ రోజుల అర్థం అదీ.

లేచి రాబోతూ పాప తొడ మీద చెయ్యి వేసి చూశాను. ఎడమ తొడ మధ్యలో ఉసిరికాయంత మెత్తని గడ్డ. అక్కడ నొప్పి తెలియదని రోజూ అక్కడే వేయించుకుంటోంది. ఆ గడ్డలో వేసిన మందు ఎప్పుడు ఎంత ఒంటబడుతుందో చెప్పలేం. పెరిగిన చక్కెరలో దీని వాటా కూడా ఉంది.

తరువాతి నెలలు

గ్లార్జిన్‌ను 7 దగ్గరే ఉంచి, భోజనం ముందు మోతాదును మొదటిలాగే మూడేసికి తెచ్చాను. ఎర్ర మూత ఒకటి తీసుకుని తల్లి దాన్ని దారంతో సీసా మెడకు కట్టింది. ఎవరు సిరంజి కొనడానికి వెళ్ళినా ఆ మూత పట్టుకెళ్ళి చూపించాలి. ఈ ఉపాయం ఆమెదే, ఇప్పుడు నా దగ్గరికి వచ్చే మిగతా కుటుంబాలకు కూడా చెబుతున్నాను. సూది వేసే చోట్లకు పొట్ట, రెండు తొడలు, చేతులు అని వారాలు పంచాం. గడ్డ లేని చోట మందు బాగా పడుతుంది కాబట్టి మొదటి వారం రోజూ నాకు ఫోను చేయమన్నాను.

పుస్తకంలో అంకెకు ముందు మరో గడి గీయించాను, "ఏం జరిగింది" అని. అది రాశాకే అంకె రాయాలి. ఒక నెల పాటు ఏ అంకె మీదా నేను వ్యాఖ్య చేయనని మాట ఇచ్చాను. మాట నిలబెట్టుకోవడానికి రెండుమూడుసార్లు నాలుక కరుచుకోవలసి వచ్చింది.

ఎందుకంటే ఫిట్స్ తరువాత కొన్ని వారాలు అంకెలు నిజంగానే భయంకరంగా ఉన్నాయి. తల్లి రాత్రంతా పాప మెడ వెనక చెయ్యి పెట్టుకుని పడుకునేది, చెమట పడితే తెలుస్తుందని. చెయ్యి కాస్త తడి తగిలినా లేపి పాలూ అరటిపండూ పెట్టేది. తెల్లవారితే 300. ఈ భయాన్ని మందలించి పోగొట్టలేం, దానికి ఒక కొలత ఇవ్వాలి. పడుకునే ముందు 100 లోపు ఉంటే ఒక గ్లాసు పాలు. ఎక్కువ ఆడిన రోజున, మోతాదు మార్చిన రోజుల్లో రాత్రి రెండున్నరకు ఒకసారి వేలు గుచ్చి చూడడం. 70 లోపు ఉంటే మాత్రమే గ్లూకోజు. పాప బరువు 22 కిలోలు కాబట్టి చిన్న చెంచాతో చదునుగా రెండు చెంచాలు, అంటే ఏడు గ్రాములకు అటూ ఇటూగా చాలు, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. చాక్లెట్టు వద్దు, దానిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. రెండు వారాల పాటు ఆ వేళకు 110 కంటే తక్కువ ఒక్కసారీ కనిపించకపోయేసరికి ఆమె కాస్త నిద్రపోయింది. చెయ్యి మాత్రం మెడ వెనకనుంచి తీయలేదు.

మామ్మతో వ్యవహారం చోళ్ళ (రాగుల) దగ్గర తేలింది. పదకొండు గంటల వేళ పెద్ద లోటాడు చోడి అంబలి పట్టించేది. "సోళ్ళు సుగరోళ్ళకి మంచివే కదా బాబూ" అనేది. చోళ్ళు మంచివే, కానీ అవీ పిండిపదార్థమే. ఆమె లోటాకు పట్టే పిండిని త్రాసులో పెడితే 60 గ్రాములు తూగింది, అందులో పిండిపదార్థం 40 గ్రాములు ఉంటుంది. వాదించకుండా ఆమె ఎదురుగానే చూపించాం: తాగేముందు 132, రెండు గంటల తరువాత 241. మామ్మ మీటరును వెనకకీ ముందుకీ తిప్పి చూసి, "ఓలమ్మో, దీనికీ ఎక్కుద్దా" అంది. అంబలిని మాన్పించలేదు, పొద్దుటి ఇడ్లీ బదులు సూది తరువాత తాగేలా మార్చాం. ఇంటి తిండి మాన్పించిన ఏ ఆహార నియమమూ మన ఊళ్ళలో నెల దాటి నిలవడం నేను చూడలేదు.

తమ్ముడి సంగతి నేను ఊహించనిది. అక్క కోసమని ఇంట్లో తీపి మాన్పించారు. వాడు వీధిలో తిని, కాగితాలు పాక వెనక దాచేవాడు, అక్క వాటిని ఏరి వాసన చూసేది. "నాకూ సూదెయ్" అని వాడు ఏడ్చిన రోజులున్నాయి, ఎందుకంటే ఇంటిల్లిపాదీ అక్క చుట్టూనే తిరుగుతోంది. ఇప్పుడు ఆదివారం భోజనం తరువాత ఇద్దరికీ లెక్క ప్రకారం తీపి ఉంటుంది, అక్క సూదిలో అది కలుస్తుంది. గ్లూకోజు డబ్బా తెచ్చే పని వాడిది. ఆ పని ఇంకెవరినీ చేయనివ్వడు.

బడికి నవంబరు 14న వెళ్ళాను. అది బాలల దినోత్సవం. ఇన్సులిన్‌ను కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజు కూడా కావడంతో ప్రపంచ మధుమేహ దినంగా పాటించేదీ అదే తేదీ. అంతకు ముందు మామ్మను ఒప్పించడానికి రెండు గంటలు పట్టింది. సిరిమాను రోజు మేనత్తకు పూర్తి సంగతి తెలిసి ఉంటే ఏమయ్యేదో తల్లే చెప్పింది, నేను చెప్పలేదు. హెడ్మాస్టరు మొదట జంకాడు, ఏదైనా జరిగితే తమ మీదకు వస్తుందని. సూది వేయమని అడగడం లేదన్నాను. చెమట పట్టినా, వణికినా, వింతగా మాట్లాడినా జేబులోని గ్లూకోజు పొట్లం తినిపించాలి. ఆ సమయంలో ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు. నీళ్ళకూ మూత్రానికీ అడిగితే కాదనకూడదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి 108కి ఫోను చేయాలి. ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసి ఆఫీసు గదిలో అంటించాం.

బడి భోజనాన్ని సరిచేసినది వంట చేసే ఆయమ్మ. ఆమె గరిటెతో మూడు గరిటెల అన్నం 270 గ్రాములు తూగింది, అంటే దాదాపు 75 గ్రాముల పిండిపదార్థం. రోజూ అదే గరిటె, అవే మూడు. చిక్కీ ఇచ్చే రోజున పాప దాన్ని దాచుకుని సాయంత్రం ఆటల పీరియడ్‌కు ముందు తింటుంది, దానికి సూది అక్కరలేదు. మధ్యాహ్నం సూదికి మాత్రం గంట కొట్టడానికి అరగంట ముందే తల్లి పొలం నుంచి రావలసి వచ్చేది. వరి కోతల్లో ఆమెకు సగం రోజు కూలి పోయేది. జనవరి నుంచి పాప తనే లాగి, టీచరమ్మకు గీత చూపించి, తనే వేసుకుంటోంది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇది పెద్ద బరువే. తల్లి కూలికీ పిల్ల బాల్యానికీ మధ్య ఇంతకంటే మంచి బేరం నాకు దొరకలేదు.

సంక్రాంతికి వచ్చిన తండ్రిని కూర్చోబెట్టి ఉత్త సెలైనుతో తన పొట్టకు తనే సూది వేసుకోమన్నాను. సెంట్రింగు పనిలో చేతులు కాయలు కాసిన మనిషి, ఆ చిన్న సూది గుచ్చుకోవడానికి అయిదు నిమిషాలు తీసుకున్నాడు. ఫోనులో అంకె అడగవద్దని అతనికి నేను చెప్పలేదు. మార్చిలో పాపే చెప్పింది, "నాన్న ఇప్పుడు ముందు బడి సంగతి అడుగుతున్నాడు" అని.

జనవరిలో హెచ్‌బీఏ1సీ 8.4, మేలో 7.6. మేము కోరుకునేది 7 లోపు, అక్కడికి ఇంకా చేరలేదు. వారానికి ఒకటి రెండు సార్లు చక్కెర 60లలోకి దిగుతుంది, పాపే గుర్తుపట్టి గ్లూకోజు తింటుంది. ఫిట్స్ మళ్ళీ రాలేదు. బరువు 24 కిలోలు. తొడ మీది గడ్డ చిన్నదైంది గానీ పోలేదు. స్ట్రిప్పులు రోజుకు మూడుకు మించి కొనలేకపోతున్నారు. వాళ్ళు వచ్చిన ప్రతిసారీ సీసా, సిరంజి బల్ల మీద పెట్టించి, నా ఎదుట లాగి చూపించమంటున్నాను.

మే నెలలో వచ్చినప్పుడు పుస్తకం పాప చేతిరాతలో ఉంది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి పైకి చదివాను: "మావయ్య పెళ్ళి. అరిసెలు 2. అమ్మకి తెలీదు. 312."

"ఎప్పుడే?" అంది తల్లి, పాప వైపు తిరిగి. పాప కాళ్ళ వైపు చూసుకుంది. అప్పుడేం చేశావని నేను అడిగితే, ఏమీ చేయలేదనీ, నీళ్ళు తాగి రాత్రి మళ్ళీ చూసుకున్నాననీ చెప్పింది. తరువాతి వరుసలో ఉంది అది, 238 అని. ఆ రోజు మందుల చీటీలో నేను కొత్తగా చేర్చింది ఒక్క వాక్యమే: భోజనానికి ముందు 250 దాటి ఉంటే మామూలు మోతాదుకు ఒక యూనిట్ కలపాలి.